ఎస్‌సీఐటీ పాత చర్చల ఎంబాక్స్ ఫైలు: కమాండ్ లైన్‌లో వెతకడం ఎలా?

#1 · పాతప్రతులు

సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు (ఎస్‌సీఐటీ) గ్రూపు పాత చర్చల ఫైలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని యూజ్‌నెట్ (పాతకాలపు చర్చా గ్రూపుల వ్యవస్థ) సంగ్రహాల నుంచి దించాను. జిప్ విప్పితే ఒకటే ఎంబాక్స్ ఫైలు, అంటే పోస్టులన్నీ వరుసగా ఒకే ఫైల్లో. సిస్టమ్ డెబియన్ లినక్స్. ఛందస్సు మీద 1996 నుంచి 1999 దాకా జరిగిన చర్చలు, జవాబులతో సహా, విడిగా తీయాలి.

లైన్లలో మాట వెతికే గ్రెప్ ఆజ్ఞతో నాలుగు చిక్కులు. "బైనరీ ఫైల్ మ్యాచెస్" అని చెప్పి ఊరుకుంటుంది. లైను దొరికినా అది ఏ పోస్టులోదో తెలియదు. 1996 అని వెతికితే ఆ ఏడాదివి చాలా రావడం లేదు. ఇక "ఛందస్సు" అన్న మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు రాశారు.

ఆజ్ఞలు పలికినట్టే రాయండి, అర్థమవుతుంది. చిన్నక్షరమా పెద్దక్షరమా అన్నది మాత్రం తప్పకుండా చెప్పండి.

#2 · గొట్టాలమేస్త్రి

ఏదైనా చేసే ముందు "హెడ్ మైనస్ ఎన్ 20" కొట్టి ఫైలు మొదటి ఇరవై లైన్లు చూడండి. ఎంబాక్స్‌లో ప్రతి పోస్టుకీ ముందు "ఫ్రమ్" అనే మాట, దాని పక్కన ఖాళీ ఉన్న లైను ఒకటి ఉంటుంది. కోలన్ ఉన్న ఫ్రమ్ హెడర్ (పోస్టు పైభాగంలో వివరాలు చెప్పే లైను) వేరు, ఇది వేరు. మామూలు మెయిల్ ఫైళ్లలో ఈ లైనులో చిరునామా, వారం, నెల, తేదీ, టైము, సంవత్సరం వరుసగా ఉంటాయి. ఆర్కైవ్‌లో దొరికే యూజ్‌నెట్ ఫైళ్లలో చాలావాటిలో అవేవీ ఉండవు, ఒక పొడుగాటి అంకె మాత్రమే ఉంటుంది, ఒక్కోసారి ముందు మైనస్ గుర్తుతో. దాని కింద ఎక్స్-గూగుల్-లాంగ్వేజ్, ఎక్స్-గూగుల్-థ్రెడ్ అనే హెడర్లు కనిపిస్తే మీ ఫైలు ఈ రకమే.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, గ్రెప్‌మెయిల్, మైరిక్స్ లాంటి మెయిల్ వెతుకులాట సాధనాలు ఆ లైనులో తేదీ, టైము ఉంటేనే కొత్త పోస్టు మొదలైందని గుర్తిస్తాయి. అంకె ఒక్కటే ఉంటే ఫైలంతా ఒకే పోస్టు అనుకుంటాయి, లేదా ఇది మెయిల్ ఫైలే కాదని పక్కన పెడతాయి. అందుకని ముందు సెడ్‌తో (పాఠాన్ని నమూనా ప్రకారం మార్చే ఆజ్ఞ) సరిచేయాలి: లైను మొదట్లో "ఫ్రమ్", ఖాళీ, ఉంటే మైనస్, ఆపైన లైను చివరిదాకా అంకెలే ఉన్న లైన్లను మాత్రమే పట్టి, వాటి స్థానంలో ఒక డమ్మీ చిరునామా, "థు జాన్ 1 00:00:00 1970" పెట్టండి. ఒకంకె తేదీకి ముందు రెండు ఖాళీలు ఉండాలి. ఈ తేదీ ఉత్తుత్తిదైనా నష్టం లేదు, సాధనాలు అసలు తేదీని డేట్ హెడర్ నుంచే తీసుకుంటాయి. అసలు ఫైలు మీద సెడ్ మైనస్ ఐ వాడకండి, అది ఆ ఫైలునే మార్చేస్తుంది; కొత్త ఫైల్లోకి రాయించండి. మైనస్ తర్వాత పెద్ద అని చెప్పకపోతే చిన్నక్షరమే అనుకోండి.

బైనరీ గొడవకి మందు సులువు. ఫైల్లో యూటీఎఫ్-8 కాని బైట్లు ఉన్నాయి, అక్కడక్కడ సున్నా బైట్లు కూడా ఉండొచ్చు. ఆజ్ఞ ముందు ఎల్‌సీ_ఆల్ ఈక్వల్స్ సి అని, అన్నీ పెద్దక్షరాల్లోనే, పెట్టి, గ్రెప్‌కి మైనస్ చిన్న ఏ ఇవ్వండి. వేగం కూడా పెరుగుతుంది.

ఇంకోటి చూసుకోండి. లైన్ల చివర క్యారేజ్ రిటర్న్ (కంటికి కనిపించని లైను ముగింపు గుర్తు) ఉంటే, లైను చివర అని చెప్పే డాలర్ గుర్తుతో రాసిన నమూనాలు ఒక్కటీ తగలవు. సెడ్ కంటే ముందే "టిఆర్ మైనస్ డి"తో దాన్ని తీసేయాలి.

#3 · తారీఖు

1996 రాకపోవడానికి కారణం డేట్ హెడర్‌లోనే ఉంది. అప్పట్లో సంవత్సరాన్ని రెండంకెలతో రాయడం చెల్లేది, కాబట్టి చాలా సాఫ్ట్‌వేర్లు "12 మార్ 96" అని రాసేవి. డేట్ హెడర్ లైనులో 96 నుంచి 99 వరకు ఉన్న రెండంకెల కోసం వెతికితే రెండు రకాలూ దొరుకుతాయి. గంటలు 23 దాటవు, నిమిషాలూ సెకండ్లూ 59 దాటవు, తేదీ 31 దాటదు. అందుకని 96 కనిపిస్తే అది సంవత్సరమే అని దాదాపు ఖాయం. 2001కి మాత్రం ఈ ఎత్తు పారదు, 01 అన్నది లైనులో ఎక్కడైనా వస్తుంది.

రెండు జాగ్రత్తలు. డేట్ హెడర్ రాసినవారి టైమ్ జోన్‌లో ఉంటుంది, ఎస్‌సీఐటీలో అమెరికా నుంచి రాసినవారు చాలామంది. తేదీల పరిధికి అటొక రోజు ఇటొక రోజు కలపండి. రెండోది, రాసినవారి కంప్యూటర్ గడియారం తప్పుగా ఉంటే తేదీ కూడా తప్పే. అనుమానం వస్తే ఎన్‌ఎన్‌టీపీ-పోస్టింగ్-డేట్ హెడర్ ఉందేమో చూడండి. అది సర్వర్ వేసింది.

#4 · అరసున్న

అసలు కష్టమంతా నాలుగో చిక్కులో ఉంది. దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

ఆ రోజుల్లో ఎస్‌సీఐటీలో తెలుగు రాయడానికి ఆర్‌టీఎస్ అనే పద్ధతి వాడేవారు, రైస్ విశ్వవిద్యాలయం పేరు మీద వచ్చింది. అందులో పెద్దక్షరానికి అర్థం ఉంది. చిన్న టి అంటే త, పెద్ద టి అంటే ట. చిన్న డి ద, పెద్ద డి డ. చిన్న ఎన్ న, పెద్ద ఎన్ ణ. చిన్న ఎల్ ల, పెద్ద ఎల్ ళ. పెద్ద ఎమ్ సున్న. దీర్ఘానికి పెద్ద ఏ రాయొచ్చు, చిన్న ఏలు రెండు రాసినా సరే.

అలవాటు కొద్దీ గ్రెప్‌కి మైనస్ చిన్న ఐ తగిలిస్తే ఈ తేడాలన్నీ పోతాయి. పి, పెద్ద ఏ, పెద్ద టి, ఏ అంటే పాట. పి, పెద్ద ఏ, చిన్న టి, ఏ అంటే పాత. పి, చిన్న ఏ, పెద్ద టి, ఏ అంటే పట. మైనస్ ఐ పెట్టారంటే మూడూ ఒకే మాట. కాబట్టి ఆర్‌టీఎస్ పాఠంలో మైనస్ ఐ వద్దు. ఎక్కడ ఊగిసలాట ఉందో అక్కడ మాత్రమే చదరపు బ్రాకెట్లతో వదులు ఇవ్వండి.

అలాగని అందరూ ఆర్‌టీఎస్ నియమంగా పాటించారని కాదు. త కి టి-హెచ్ రాసేవారు చాలామంది. వ కి వి, డబ్ల్యూ రెండూ. శ కి పెద్ద ఎస్, ఎస్-హెచ్, ఒట్టి ఎస్. సున్నకి పెద్ద ఎమ్, చిన్న ఎమ్, ఎన్. చ కి సి, సి-హెచ్. ఛ కి పెద్ద సి, సి-హెచ్-హెచ్ కూడా.

మీ మాటకి నమూనా ఇలా కట్టండి. మొదట చదరపు బ్రాకెట్‌లో చిన్న సి, పెద్ద సి. తర్వాత హెచ్, దానికి సున్నా నుంచి రెండు సార్లు. తర్వాత చిన్న ఏ. తర్వాత చదరపు బ్రాకెట్‌లో పెద్ద ఎమ్, చిన్న ఎమ్, చిన్న ఎన్. ఆపైన చిన్న డి, చిన్న ఏ, చివర చదరపు బ్రాకెట్‌లో చిన్న ఎస్, పెద్ద ఎస్. అంతే, అక్కడ ఆపేయండి. "ఛందస్సు" అని పూర్తిగా రాస్తే "ఛందస్సులో" దొరుకుతుంది గానీ "ఛందశ్శాస్త్రం" జారిపోతుంది. "ఛందో" అని మొదలయ్యే సమాసాలకి, అంటే ఛందోబద్ధం, ఛందోభంగం లాంటివాటికి, చివరి రెండక్షరాలు మార్చి ఇంకో నమూనా పెట్టుకోండి. తెలుగులో విభక్తులు మాట తోకకి అతుక్కుంటాయి, సంధిలో మొదలు కూడా మారొచ్చు. అందుకని మైనస్ చిన్న డబ్ల్యూ ఇవ్వకండి.

పక్క మాటలతో కూడా వెతకండి: గణం, యతి, ప్రాస, కందం, సీసం, ఉత్పలమాల. ఛందస్సు చర్చలో ఛందస్సు అనే మాటే లేకపోవడం మామూలే. "యతి" చాలా చిన్న మాట, వేరే మాటల మధ్యలో ఇరుక్కుని వస్తుంది. దానికి మాత్రం ముందు వైపు మాట-అంచు గుర్తు పెట్టాల్సిందే.

#5 · పాతప్రతులు

మైనస్ ఐ సంగతి తట్టనే లేదు, ధన్యవాదాలు అరసున్న గారూ. సెడ్ అయింది, ఇప్పుడు ఫ్రమ్ లైన్లన్నీ ఒకే తీరులో ఉన్నాయి. లైను కాకుండా మొత్తం పోస్టు రావాలంటే గ్రెప్‌మెయిలేనా? జవాబులతో సహా కావాలంటే?

#6 · గొట్టాలమేస్త్రి

మొత్తం పోస్టుకి గ్రెప్‌మెయిల్ సరిగ్గా సరిపోతుంది. డెబియన్‌లో ఆ పేరుతోనే ప్యాకేజీ ఉంది. నమూనాలు పెర్ల్ తరహావి, కాబట్టి గ్రెప్ మైనస్ పెద్ద ఈ లాంటిదేమీ అక్కర్లేదు. మైనస్ చిన్న బి అంటే బాడీలో (హెడర్ల కిందున్న అసలు పాఠంలో) మాత్రమే, మైనస్ చిన్న హెచ్ అంటే హెడర్లలో మాత్రమే. మైనస్ చిన్న యు ఇస్తే ఒకే పోస్టు రెండుసార్లు రాదు. పక్క గ్రూపుల ఫైళ్లు కూడా కలిపి వెతికితే ఇది తప్పనిసరి, ఎస్‌సీఐటీ పోస్టులు సాక్.కల్చర్.ఇండియన్‌కి కూడా కలిపి వేసేవారు. తేదీకి మైనస్ చిన్న డి, పక్కన కొటేషన్లలో "బిట్వీన్ 1/1/1996 అండ్ 12/31/1999". నెల ముందు, రోజు తర్వాత. మన అలవాటులో రోజు ముందు రాస్తే 5/6 ఏ గొడవా లేకుండా తప్పు నెలకి పోతుంది, హెచ్చరిక కూడా రాదు.

జవాబుల దగ్గరికి వస్తే గ్రెప్‌మెయిల్‌కి థ్రెడ్ (ఒక పోస్టు, దాని జవాబుల గొలుసు) అంటే తెలియదు. మాట ఉన్న పోస్టు ఇస్తుంది, లేనిదాన్ని వదిలేస్తుంది. థ్రెడ్‌కి మైరిక్స్ కావాలి. హోమ్ డైరెక్టరీలో డాట్ మైరిక్స్ఆర్‌సీ అనే ఫైల్లో ఐదు లైన్లు చాలు: బేస్ అంటే ఆర్కైవ్ ఉన్న డైరెక్టరీ, ఎంబాక్స్ అంటే ఫైలు పేరు, డేటాబేస్ అంటే సూచిక ఎక్కడ పెట్టాలో, ఎమ్‌ఫోల్డర్ అంటే ఫలితాలు పడే ఫైలు, ఎమ్‌ఫార్మాట్ ఈక్వల్స్ ఎంబాక్స్. ఒకసారి ఊరికే మైరిక్స్ అని నడిపితే సూచిక కడుతుంది. తర్వాత నుంచి వెతుకులాట క్షణాల్లో అయిపోతుంది.

ఎస్ కోలన్ అంటే సబ్జెక్ట్, ఎఫ్ కోలన్ రాసినవారు, బి కోలన్ బాడీ, డి కోలన్ తేదీల పరిధి, ఎమ్ కోలన్ మెసేజ్-ఐడీ (ఒక్కో పోస్టుకీ విడిగా ఉండే గుర్తింపు). మైనస్ చిన్న టి ఇస్తే దొరికిన పోస్టు ఉన్న థ్రెడ్ మొత్తం వస్తుంది. ఫలితాల ఫైలును ప్రతిసారీ తుడిచి కొత్తగా రాస్తుంది, పాతవాటికి కలపాలంటే మైనస్ చిన్న ఏ.

మాట చివర ఈక్వల్స్ పెట్టి 1 అని రాస్తే ఒక అక్షరం తేడా ఉన్నవీ పట్టిస్తుంది. స్పెల్లింగ్ ఊగిసలాటకి బాగా పనికొస్తుంది గానీ ఆరేడు అక్షరాల మాటకి 2 ఇస్తే చెత్త ఎక్కువ వస్తుంది.

#7 · అరసున్న

మేస్త్రి గారూ, ఒక్క అడ్డు. మైరిక్స్ మాటల్ని చిన్నక్షరాలు చేసే దాచుకుంటుంది. అంటే పాట, పాత తేడా సూచికలోనే ఉండదు, తర్వాత ఏం చేసినా తిరిగి రాదు. ముందు మైరిక్స్‌తో థ్రెడ్లు తీసి వాటిమీద గ్రెప్‌మెయిల్ నడిపితే, మాట లేని జవాబులు మళ్లీ రాలిపోతాయి. ఏది ముందు చేయాలి?

#8 · గొట్టాలమేస్త్రి

నిజమే, వరుస తిప్పాలి. గ్రెప్‌మెయిల్ ముందు, మైరిక్స్ తర్వాత.

ఒకటో మెట్టు: అరసున్న గారి నమూనాతో, మైనస్ ఐ లేకుండా, గ్రెప్‌మెయిల్ నడిపి ఫలితాన్ని ఒక ఫైల్లో పెట్టండి. రెండో మెట్టు: ఆ ఫైలును "ఫార్‌మెయిల్ మైనస్ ఎస్"కి పంపి, ఒక్కో పోస్టు మీద "ఫార్‌మెయిల్ మైనస్ జెడ్ మైనస్ ఎక్స్ మెసేజ్-ఐడీ కోలన్" నడపండి. ఐడీల జాబితా వస్తుంది. ఫార్‌మెయిల్ అంటే పోస్టుల్ని విడగొట్టి హెడర్లు తీసే సాధనం, ప్రోక్‌మెయిల్ ప్యాకేజీలో ఉంటుంది. మెసేజ్-ఐడీలో చివరి డి చిన్నదైనా పెద్దదైనా దానికి ఒకటే, గ్రెప్‌తో తీస్తే మాత్రం రెండూ చూడాలి. మూడో మెట్టు: ఐడీల చుట్టూ ఉన్న కోణ బ్రాకెట్లు తీసేసి, లూపులో ఒక్కోదానికీ "మైరిక్స్ మైనస్ ఏ మైనస్ టి ఎమ్ కోలన్ ఐడీ". షెల్‌లో ఐడీని కొటేషన్లలో పెట్టండి, పాత ఐడీల్లో డాలర్ గుర్తు మామూలే. నాలుగో మెట్టు: ఒకే థ్రెడ్‌లో మూడు పోస్టులు తగిలితే ఆ థ్రెడ్ మూడుసార్లు పడుతుంది, కాబట్టి చివర ఇంకోసారి గ్రెప్‌మెయిల్ మైనస్ యు.

లూపు మొదలుపెట్టే ముందు ఎమ్‌ఫోల్డర్ ఫైలు ఖాళీగా ఉందో లేదో చూసుకోండి.

#9 · సూచిక

మెయిల్‌డిర్‌లోకి (పోస్టుకో ఫైలుగా దాచే పద్ధతి) మార్చుకోవడానికి ఓపిక ఉంటే నాట్‌మచ్ అనే మెయిల్ వెతుకులాట సాధనం ఇంతకంటే మేలని నా అభిప్రాయం. క్రాస్‌పోస్టుల (ఒకే పోస్టు పలు గ్రూపుల్లో వేయడం) బెడద ఉండదు, మెసేజ్-ఐడీ ఒకటే అయితే ఎన్ని ఫైళ్లున్నా ఒకే పోస్టుగా లెక్కేస్తుంది. థ్రెడ్లు అదే కడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, వరుస మాటల వెతుకులాట. యూజ్‌నెట్ పోస్టులు డెబ్భై, ఎనభై అక్షరాల దగ్గర లైను విరుస్తాయి. "ఉత్పలమాల లక్షణం" అన్నది రెండు లైన్లలో పడితే గ్రెప్‌కి దొరకదు. నాట్‌మచ్ కొటేషన్లలో పెట్టిన మాటల్ని లైను విరుపు పట్టించుకోకుండా చూస్తుంది.

లోటు: ఎంబాక్స్ చదవదు, ఒక్కో పోస్టు ఒక్కో ఫైలుగా ఉండాలి. రెండు కేబీ పోస్టు కూడా డిస్కు మీద నాలుగు కేబీ తింటుంది. పెద్ద గ్రూపైతే ముందు "డిఎఫ్ మైనస్ ఐ"తో ఐనోడ్లు (ఫైలుకొకటి చొప్పున ఖర్చయ్యేవి) ఎన్ని మిగిలాయో చూడండి.

మార్చడానికి పైథాన్‌లోని మెయిల్‌బాక్స్ మాడ్యూల్ వాడేవారికి ఒక మాట. అది "ఫ్రమ్"తో, ఖాళీతో మొదలయ్యే ఏ లైనునైనా కొత్త పోస్టు అనుకుంటుంది. ఆర్కైవ్ ఫైలును సెడ్ లేకుండానే చదువుతుంది, అది మంచిదే. కానీ ఎవరైనా బాడీలో "ఫ్రమ్ హైదరాబాద్..." అని ఇంగ్లిష్‌లో వాక్యం మొదలుపెట్టి, దాని ముందు తప్పించే కోణం గుర్తు లేకపోతే, పోస్టు అక్కడే రెండు ముక్కలవుతుంది. రెండో ముక్కకి హెడర్లుండవు. మార్చాక మెసేజ్-ఐడీ లేని ఫైళ్లు ఎన్నున్నాయో లెక్కపెట్టండి, అవే ఆ ముక్కలు.

నాట్‌మచ్ ఇంగ్లిష్ పద్ధతిలో మాటల తోకలు కత్తిరిస్తుంది. ఆర్‌టీఎస్ తెలుగు మాట చివర ఎస్ గానీ ఐ-ఎన్-జి గానీ వస్తే దాన్నీ కత్తిరిస్తుంది. మాటను కొటేషన్లలో పెడితే ఆ కత్తిరింపు ఉండదు.

#10 · లిపికారుడు

2000 తర్వాతి పోస్టుల్లోకి వెళ్తే ఇంకో పొర ఉంది. యూనికోడ్ తెలుగులో రాసిన పోస్టు క్వోటెడ్-ప్రింటబుల్‌లోనో బేస్64లోనో (అక్షరాల్ని మామూలు ఇంగ్లిష్ గుర్తులుగా మార్చి పంపే పద్ధతులు) ఉంటే, గ్రెప్‌కి తెలుగు నమూనా ఇచ్చి ఏం లాభం? ఫైల్లో తెలుగు అక్షరమే లేదు.

అలాంటివి ఉన్నాయో లేదో ముందు తేల్చుకోవచ్చు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం ప్రతిదీ మూడు బైట్లు. మొదటిది ఈ0, రెండోది బీ0 లేదా బీ1. క్వోటెడ్-ప్రింటబుల్‌లో అది ఈక్వల్స్ ఈ0 ఈక్వల్స్ బీ0 అని కనిపిస్తుంది. బేస్64లో తెలుగుతోనే మొదలైన పాఠం "4, పెద్ద ఎల్, పెద్ద సి" లేదా "4, పెద్ద ఎల్, పెద్ద జి" అని మొదలవుతుంది. సబ్జెక్ట్ లైన్లలో వెతకడానికి ఇది చాలా నమ్మకమైన గుర్తు. బాడీలో మధ్యలో ఒక ఖాళీ వచ్చినా బైట్ల వరుస జరిగిపోయి అక్షరాలు మారతాయి, కాబట్టి అక్కడ దీన్నే నమ్ముకోవద్దు.

1996-99కి ఈ బాధ తక్కువే. ఆ తర్వాతివాటికి నాట్‌మచ్ లాంటి విప్పి చదివే సాధనమే దిక్కు.

#11 · తారీఖు

జవాబుల్లో ఎదుటివారి మాటలు కోణం గుర్తుతో మళ్లీ వస్తాయి కదా. ఒకే వాక్యం పది పోస్టుల్లో తగులుతుంది. కోణంతో మొదలయ్యే లైన్లను "గ్రెప్ మైనస్ వి"తో ముందే తీసేస్తే ఫలితం శుభ్రంగా ఉంటుంది.

#12 · అరసున్న

లెక్క కోసమైతే తీయండి, వెతుకులాటకి మాత్రం తీయకండి. ఎక్స్-నో-ఆర్కైవ్ అనే హెడర్‌కి యెస్ (అవును) అని పెట్టిన పోస్టుల్ని డేజా న్యూస్ అనే యూజ్‌నెట్ సంగ్రహ సైటు భద్రపరిచేది కాదు. 1995లో మొదలైన డేజా సంగ్రహమే 2001లో గూగుల్ చేతికి వచ్చింది. అంటే అసలు పోస్టు లేకుండా జవాబు మాత్రమే మిగిలిన థ్రెడ్లుంటాయి. అక్కడ మూలం బతికి ఉన్నది ఆ కోణం గుర్తు లైన్లలోనే. ఎవరో రాసిన పద్యం, దానికి ఎవరో చేసిన గణవిభజన జవాబులో మాత్రమే మిగిలి ఉంటే, మీరు దాన్ని చెరిపేసినట్టే.

ఇలాంటివి పట్టడానికి రెఫరెన్సెస్ హెడర్ చూడండి. అందులో చివరి ఐడీ నేరుగా పైనున్న పోస్టుది. ఆ ఐడీతో ఏ పోస్టూ ఫైల్లో లేకపోతే మూలం పోయినట్టు. రెఫరెన్సెస్ పొడుగైతే తర్వాతి లైనులోకి మడత పడుతుంది, ఆ లైను ఖాళీతో గానీ ట్యాబ్‌తో గానీ మొదలవుతుంది. ఒక్క లైనే చదివితే సరిగ్గా కావలసిన చివరి ఐడీయే పోతుంది. ఫార్‌మెయిల్‌కి మైనస్ చిన్న సి ఇస్తే మడతలు విప్పుతుంది.

#13 · పాతప్రతులు

వరుస తిప్పిన పద్ధతి పనిచేసింది. లైను విరుపు కోసం గ్రెప్ లాంటిదే అయిన రిప్‌గ్రెప్ కూడా చూశాను. ఇంకా రెండు ప్రశ్నలు. మిగతా గ్రూపుల ఫైళ్లు జిప్‌లోనే ఉన్నాయి, రిప్‌గ్రెప్ మైనస్ జెడ్ వాటిలో ఏమీ చూపడం లేదు. రెండోది, ఎస్‌సీఐటీ కంటే ముందు తెలుగువారు సాక్.కల్చర్.ఇండియన్‌లో రాసేవారు కదా, ఇంకా వెనక్కి వెళ్లాలంటే?

#14 · సూచిక

రిప్‌గ్రెప్ మైనస్ జెడ్ జీజిప్, బీజిప్2, ఎక్స్‌జెడ్, జెడ్‌స్టాండర్డ్ విప్పుతుంది. డాట్ జిప్ ఆ జాబితాలో లేదు. "అన్‌జిప్ మైనస్ పి"తో గొట్టంలో పంపండి. తరచూ వెతికేదైతే ఒకసారి విప్పి జెడ్‌స్టాండర్డ్‌తో మళ్లీ కుదించి పెట్టుకోండి. లైను విరుపుకి మైనస్ పెద్ద యు ఇచ్చి, మాటల మధ్య ఖాళీ బదులు "ఏదైనా తెల్లజాగా, ఒకటి లేదా ఎక్కువ" అని చదరపు బ్రాకెట్‌తో రాయండి. కోట్ చేసిన లైన్లలో విరుపు తర్వాత కోణం గుర్తు కూడా వస్తుంది, దాన్ని కూడా ఆ బ్రాకెట్‌లో చేర్చండి.

వెనక్కి వెళ్తే 1986-87లో గ్రూపుల పేర్లన్నీ మారాయి. అంతకుముందు "సాక్" లేదు, పేర్లు "నెట్" అని మొదలయ్యేవి. నెట్.ఎన్‌లాంగ్.ఇండియా అని వెతకండి. టొరంటో విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర విభాగంలో టేపుల మీద దాచిన 1981-91 సంగ్రహంలో పోస్టుకో ఫైలు ఉంటుంది, ఎంబాక్స్ కాదు. మరీ తొలినాటి పోస్టుల్లో హెడర్ పేర్లే ఉండవు. మొదటి లైను పెద్ద ఏ, దానికి అతుక్కుని పోస్టు ఐడీ. తర్వాత వరుసగా గ్రూపు, దారి, తేదీ, శీర్షిక. ఆ తర్వాతి కాలంలో సబ్జెక్ట్ బదులు టైటిల్, డేట్ బదులు పోస్టెడ్ కనిపిస్తాయి. సబ్జెక్ట్ కోలన్ అని వెతికితే ఇవేవీ రావు.

#15 · తారీఖు

దించుకోకుండా నేరుగా న్యూస్ సర్వర్‌లోనే వెతకొచ్చా అని ఎవరైనా అడిగితే: ఎక్స్‌ప్యాట్ అనే ఆజ్ఞ ఉంది, అది హెడర్లలో మాత్రమే చూస్తుంది, పైగా ఆ సర్వర్ ఇంకా ఉంచుకున్న పోస్టుల్లోనే. గూగుల్ గ్రూప్స్‌లో 2024 ఫిబ్రవరి 22 నుంచి కొత్త యూజ్‌నెట్ పోస్టులు ఆగిపోయాయి, పాతవి మాత్రం చూడొచ్చు.

#16 · గొట్టాలమేస్త్రి

పాతప్రతులు గారూ, దొరికినవాటిని ఎక్కడైనా ఉదహరించాల్సి వస్తే ఫైలు పేరు, లైను నంబరు రాసుకోకండి. సెడ్, టిఆర్ నడిపాక ఆ నంబర్లు ఇంకొకరి ఫైలుతో కలవవు. గ్రూపు పేరు, డేట్ హెడర్ ఉన్నదున్నట్టు, మెసేజ్-ఐడీ, ఈ మూడూ రాసుకోండి. ఐడీతో తిరిగి వెతికేటప్పుడు "గ్రెప్ మైనస్ పెద్ద ఎఫ్" వాడాలి, లేకపోతే ఐడీలోని చుక్క ఏ అక్షరానికైనా తగులుతుంది. ఇక్కడా మైనస్ ఐ వద్దు, మెసేజ్-ఐడీలో కూడా పెద్దక్షరం వేరు, చిన్నక్షరం వేరు.